ముక్కు మేస్త్రి వేసిన నేల

హలో… ఆ, నేనే బావా. నీ ఒక్కగానొక్క మరదల్ని.

…లేదు లేదు, ఆసుపత్రిలో అంతా బాగానే ఉంది. కంగారుపడకు. అక్క పడుకుంది, పాప పడుకుంది. ఇద్దరికీ కాపలా ఉంటానన్న అమ్మ అందరికంటే ముందు గుర్రు పెట్టింది. వాళ్లని చూసుకునే ఆఫీసుకొచ్చాను. …ఆ, రేపు పొద్దున ఇంటికి పంపించేస్తామన్నారు. నీకూ చెప్పారుగా.

ఎక్కడున్నావ్? …కొత్త గదిలోనా. …తుడుస్తున్నావా. పొద్దున అక్క ఫోన్ చేసినప్పుడూ తుడుస్తున్నానన్నావట. …సరే, తుడుచుకో. నీ నేల, నీ గుడ్డ.

ఎందుకు చేశానంటే… రిపోర్టు వచ్చింది.

…అదే, ఆ గది రిపోర్టు. నేను మూలన పెట్టి, నిన్న మా ఆఫీసుకి తెప్పించుకున్నాను చూడు, అగ్గిపెట్టంత డబ్బా. గదిలో గాలి ఎలా ఉందో పట్టి చెప్పేది. …ఆ, అదే. నువ్వు ఎలకల మందనుకున్నది.

…పాసా ఫెయిలా అంటే… ఉండు. ఇది ఉద్యోగం మాట, మర్యాదగా చెప్పాలి. బావగారూ, తమరు స్వయంగా నేల వేసిన గది తాలూకు—

…అదిగో, ‘తమరు’ అనగానే గొంతు పడిపోయింది. ఇన్నాళ్లూ నాది గాలి ఉద్యోగమని ఊరంతా చెప్పుకు తిరిగావ్ కదా. ‘మా మరదలు కొత్త బిల్డింగులకెళ్లి గాలి పీల్చి జీతం తెచ్చుకుంటుంది.’ ఎవరన్నారా మాట? …ఆ, నువ్వే. మరి ఇవాళ ఆ గాలి మనిషి నోట్లోంచి పాస్ అనే మాట ఊడిపడుతుందేమోనని కాచుక్కూర్చున్నావ్.

ఫెయిల్ బావా.

…ఫెయిలంటే ఫెయిలే. బొటాబొటిగా కూడా కాదు. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువ.

…డబ్బా తప్పు చెప్పదు. దానికి నీ మీద పగేం లేదు. …నాకూ లేదు. చిన్నప్పుడు నా సైకిలు తొక్కి, చక్రం వంకర చేసి, గోడకి ఆనించి పారిపోయిన సంగతి నేనెప్పుడో మర్చిపోయాను. …ఆ, ఎర్ర సైకిలే. మర్చిపోయానని చెప్తున్నాగా.

ఇంకో మాట. నేలకి నువ్వు అంటించిన ప్లాస్టిక్ షీటు తాలూకు ఆవిర్లు, దాని గమ్ము తాలూకువి ఉంటాయని నేను ముందే అనుకున్నాను. ఉన్నాయి. వాటితో పాటు ఇంకోటి దొరికింది. నిమ్మకాయ సెంటు.

…

…ఉత్తుత్తి దగ్గు దగ్గకు.

…బావా. గదికి పరీక్ష పెడితే, గదికి సెంటు కొట్టావా?

…అంటే, బడికి పెద్దసారు వస్తున్నాడంటే పిల్లలకి తల దువ్వి కూర్చోబెట్టినట్టు. …‘కాస్తంత’ అని నువ్వంటున్నావ్. డబ్బా ఆ మాట అనట్లేదు. …సరే, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు అసలుది విను.

కొత్త షీటు, దాని కింద నువ్వు పూసిన ఆ ఘాటు గమ్ము, రెండూ ఆవిరి వదులుతాయి. కంటికి కనపడదు. ఆరేదాకా వదులుతాయి, ఆరాక కూడా కొన్నాళ్లు వదులుతూనే ఉంటాయి. కిటికీలు తీసుంటే అది బయటికి పోతుంది. నువ్వేం చేశావ్? …కాదు, నీ నోటితోనే చెప్పు. …ఆ. దుమ్ము పడితే మెరుపు పోతుందని కిటికీలన్నీ బిగించావ్. సందులకి టేపు అంటించావ్. తలుపు కింద గుడ్డ కుక్కావ్. బిస్కెట్ల డబ్బాకి కూడా అంత గట్టి మూత ఉండదు బావా.

…ఏసీ ఉందంటావా. ఏసీ ఏం చేస్తుంది, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ నీ మొహాన కొడుతుంది. బయటి గాలి అదెక్కణ్ణించి తెస్తుంది?

…అవును, కొత్త గదికి కొత్త వాసన ఉంటుంది. ఆ వాసనే గొప్పనుకుంటారు అందరూ. మొన్న నేనొచ్చి గడపలో నిలబడ్డానో లేదో కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. నువ్వేమో నా భుజం తట్టి, ‘ఆనందబాష్పాలు, తుడుచుకో’ అన్నావ్. అప్పుడే అనుమానం వచ్చి ఆ డబ్బా పెట్టి వెళ్లాను.

…సరే, ఆనందం కూడా కొంచెం ఉందిలే. నేల బాగుంది, కాదనను. వెతికినా అతుకు కనపడదు. అక్కకి ఇష్టమని ఆ నీలం రంగు ఎక్కడెక్కడో తిరిగి తెచ్చావ్. మళ్లీ తలుపు దగ్గర్నించి ఉయ్యాల దాకా వరసగా ఆ తెల్ల చెప్పులు—

…బాతులా?

…అహ, ఇప్పుడు నువ్వు చెప్పాక బాతులే. ఆ కొసగా ఉన్నది ముక్కన్నమాట. నేను మడమనుకున్నాను. …ఒక్కోటీ చేత్తో కోసి నీలంలో ఇమిడ్చావా. నీ షీట్ల షాపు కట్టేసి వచ్చాక కూర్చుని. …పాప పాకడం మొదలెడితే… బాతుల వెంట పడి తలుపు దాకా వస్తుందని. నువ్వు పని నుంచి వచ్చేసరికి గడప దగ్గరుంటుందని.

…బావా, నువ్విలా మెత్తగా మాట్లాడితే నేను తిట్టలేను. ఇందాకటిలా కసురుకో.

తిట్టాల్సిందే కూడా. ఎందుకంటే పాప పాకడానికి ఇంకా నెలలు పడుతుంది. ఈ లోపల రేపట్నించీ పొద్దస్తమానం అది ఆ గదిలోనే పడుకుంటుంది. మనమైతే గదిలోకొస్తాం, పోతాం. దానికి ఆ గదే లోకం. పసివాళ్లు మనకంటే గబగబా ఊపిరి తీస్తారు. నాకు గడపలోనే కళ్లు మండించిన గాలి, రాత్రీ పగలూ దాని గుప్పెడంత గుండెలోకి… వద్దు, ఆ మాట నేను పూర్తి చెయ్యను. నీకర్థమైంది. పక్కనే బాలింత, అక్క.

రేపు వాళ్లిద్దరూ ఆ గదిలో అడుగు పెట్టకూడదు బావా.

…‘వాసనే లేదు’ అంటావేం. …మొదట్నించీ లేదా. …ముక్కు ఆనించి చూశావా. తెలుసు, తెలుసు. నీ పద్ధతి నాకు తెలీకపోవడమేంటి. పనయ్యాక నేల మీద సాష్టాంగపడి, నాలుగు మూలలా ముక్కు ఆనించి, గుండెల నిండా పీల్చి, లేచి నిలబడి— ‘వాసన లేదు, సామాను సర్దుకోండి.’ ఆ ఒక్క మాట నీ నోట వినందే ఇల్లుగలవాళ్లు మంచం కూడా లోపలికి తేరు. అందుకేగా ముక్కు మేస్త్రి అన్నారు నిన్ను. మిగతావాళ్లు మట్టం పెట్టి చూస్తారు, మా బావ ముక్కు పెట్టి చూస్తాడు.

…‘ఈ ముక్కు ఎప్పుడూ తప్పు చెప్పలేదు.’ సరే. నా డబ్బా కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ సత్యసంధులే. మధ్యలో చచ్చేది నేను.

…నిమ్మచెక్కలు కోసి పెడితేనా? నిమ్మకాయలు ఎండిపోతాయి, అంతే. …బొగ్గులు? బుట్టెడు బొగ్గులు పెట్టి పాపకి మసి పూస్తావా. …మొక్కలా. మొక్కలతో ఆ గది బాగుపడాలంటే అడవి పెట్టాలి. అప్పుడు బాతులు సరిపోవు, పులుల్ని కొయ్యాల్సొస్తుంది నువ్వు. …వద్దు, అన్నంత పనీ చేస్తావ్.

…మళ్లీ సెంటు పేరెత్తకు. సెంటూ ఇంకో ఆవిరే. స్నానం చెయ్యకుండా పౌడరు కొట్టుకున్నట్టు.

…ఎగతాళి చెయ్యట్లేదు. …సరే, చేస్తున్నాను. చేస్తూనే నిజం చెప్తున్నాను. ఆవిరి వదిలేదాన్ని తీసెయ్యాలి, లేదంటే బయటి గాలి ఆడనివ్వాలి. రెండూ చేస్తే మరీ మంచిది. ఇంకో మంత్రం లేదు. ముందు లేచి కిటికీలు తెరువు. …ఇప్పుడే. ఫోను చెవి దగ్గరే పెట్టుకో, నేను వినాలి.

…ఆ, టేపు పీకుతున్నావ్. …రావట్లేదా. ఎవరు అంటించారంట అంత గట్టిగా? …మరి నీ చేత్తో అంటించింది ఏదైనా ఊడుతుందా. …గోరుతో వద్దు, కట్టర్‌తో గియ్యి. …వచ్చింది. రెండోది కూడా. …తలుపు తీసిపెట్టు, ఎదురు గాలి ఆడాలి. …దుమ్ము పడితే పడనీ. దుమ్ము నయం, కనపడుతుంది. తుడుచుకోవచ్చు. తుడవడం నీకెలాగూ ఇష్టమేగా.

ఆ. ఇప్పుడు సెంటు సంగతి. ఎంత కొట్టావ్? నిజం చెప్పు, అక్కకి చెప్పను.

…డబ్బా అంతానా?

…పెద్ద డబ్బా. …దాని తర్వాత ఇంకోటి. బావా, ఒక్కసారి నొక్కితే ఇల్లంతా గుప్పుమనే సరుకది. మా ఆఫీసు బాత్రూములో ఎవరైనా కొడితే మేం మెట్ల దాకా పారిపోతాం. నువ్వు రెండు డబ్బాలు ఎలా కొట్టావ్? ఎందుకంతలా—

…వాసన రావట్లేదనా.

…ఆగు. మళ్లీ చెప్పు. …డబ్బా పాడైపోయిందనుకున్నావ్. నకిలీ సరుకిచ్చాడని షాపువాడితో దెబ్బలాడి ఇంకోటి తెచ్చావ్. అదీ నకిలీదే.

…లేదు, నవ్వట్లేదు. నేను నవ్వట్లేదు బావా.

ఒక పని చేస్తావా. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లు. …ఊరికే. గదిలో ఉన్నవాడికి గది వాసన తెలీదు. ఎవరికైనా అంతే, కాసేపుంటే ముక్కు అలవాటు పడిపోతుంది. బయట నిలబడి గాలి పీల్చుకుని, మళ్లీ వచ్చి గడపలో నిలబడు. నా కళ్లు మండిన చోట. …ఆ, వెళ్లు. నేను లైన్లోనే ఉంటాను.

…గేటు చప్పుడు వినిపించింది. …ఆ, బళ్లు కూడా. …ఎవరితో మాట్లాడుతున్నావ్? …పక్కింటాయనా. ‘మా మరదలు గాలి పీల్చి రమ్మంది’ అని మాత్రం చెప్పకు— చెప్పేశావా. సరేలే, కొత్తగా పోయే పరువేముంది నాకు.

…ఏమంటున్నాడు? …ఇందాకట్నించీ మీ ఇంట్లోంచి ఏదో ఘాటు వస్తోందనా. రంగులేస్తున్నారా అని అడుగుతున్నాడా. …నువ్వు కిటికీలు తీశాక వచ్చిందది. బావా, ఆయన గోడకి అవతల ఉన్నాడు.

…గొడవ పడకు ఆయనతో. లోపలికి రా. …గడపలో నిలబడ్డావా? ఇప్పుడు పీల్చు. గట్టిగా.

…

…కొంచెం కూడా లేదా. …నీళ్లు? కళ్లమ్మట నీళ్లు? …కొద్దిగా. కళ్లకి తెలుస్తోందన్నమాట.

వంటింట్లోకి పద బావా. …నా మాట విను. కాఫీ పొడి డబ్బా ఎక్కడుంటుందో తెలుసా? …పైన కాదు, పొయ్యి పక్కన. నీ ఇంట్లో దారి నేను చూపించాలి. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకో. …ఊ? …‘కాఫీ పొడే’ అని చూసి చెప్తున్నావ్. కళ్లు మూసుకో. …మూసుకున్నావా. ఇప్పుడది ఏంటి?

…ఇసకైనా కావచ్చా.

…ఉల్లిపాయ కొయ్యి. …సగానికి కోస్తే చాలు. దగ్గరగా పెట్టుకో. …కళ్లు మండుతున్నాయి. అది సరే. ముక్కు?

…ఊ.

…ఊ.

కూర్చో బావా. కుర్చీ లాక్కుని కూర్చో. వింటున్నాను.

…ఎప్పట్నించో నీకే తెలీదా. …కొంచెం కొంచెంగా పోయుంటుంది. ఒక్కసారిగా పోతే తెలిసేది. …తిండిలో రుచి తగ్గితే అక్క వంట మారిందనుకున్నావ్. …తనతో అన్నావా ఆ మాట? …అన్నావ్. అయితే ఆ గొడవ దీనికేనన్నమాట. నీకు తన మీద మోజు తగ్గిందని నా దగ్గర ముక్కు చీదుకుంటూ ఎంత ఏడ్చిందనుకున్నావ్. నేనేమో, వంట నిజంగానే బాలేదేమోనే అని ఓదార్చాను. దాని చేతిలో ఇంకా తన్నులు తినలేదంటే నా అదృష్టం.

…గమ్ము వల్లేనా అంటే, నేను డాక్టర్ని కాను. అది కావచ్చు, ఇంకోటి కావచ్చు. కానీ ఇన్నేళ్లు మూతికి గుడ్డైనా కట్టుకోకుండా ఆ గమ్ము డబ్బాల మీదకి వంగావ్. మూత తియ్యగానే మొదటి పీల్పు నీదే, సరుకు మంచిదో కాదో చూడ్డానికి. నేల వేశాక ఆఖరి పీల్పూ నీదే. …వెళ్దాం. ముక్కు డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. …కొందరికి తిరిగొస్తుందట, ఆ గాలికి దూరంగా ఉంటే. అందరికీ వస్తుందని చెప్పలేను. నీకు అబద్ధం చెప్పలేను బావా.

…ఏంటి? …గట్టిగా చెప్పు, వినపడలేదు.

…పాప తల?

…అవును, మొన్న ఆసుపత్రిలో. అమ్మ ఎత్తుకుని వాసన చూసింది, నేను చూశాను. అక్కైతే, ఈ తల వాసన చూడండే, ఈ తల వాసన చూడండే అని వచ్చినవాళ్లందరికీ అందించింది. నీకూ అందించింది. నువ్వు కళ్లు మూసుకుని ‘ఆహా’ అన్నావ్. అందరికంటే గట్టిగా నువ్వే అన్నావ్. నర్సు కూడా నవ్వింది.

…ఏమీ రాలేదా.

…అందరూ అంటున్నారని అన్నావ్.

…కన్నతండ్రికి రాకపోవడం ఏంటని. నీ ప్రేమే చాల్లేదేమోనని… బావా. అదేం మాట బావా. ఆ రోజు నించీ ఇది మనసులో పెట్టుకుని తిరుగుతున్నావా? ఎవరితోనూ అనకుండా? అందుకేనా ఆ బాతులు, ఆ తుడవడం…

…నాకేం కాలేదు. ఏసీ గాలికి జలుబు చేసింది. …ఏడుస్తున్నాను, సరేనా. ఏడుపొచ్చింది, ఏడుస్తున్నాను. ఆనందబాష్పాలని మాత్రం అనకు.

…నాకు చాలా బాధగా ఉంది బావా. నిన్ను ఇందాకట్నించీ ఆట పట్టించాను. …పర్లేదంటే నీకు పర్లేదేమో. …విను, ఒక్కటి విను. ప్రేమ లేనివాడు షాపు కట్టేసొచ్చి అర్ధరాత్రి దాకా బాతులు కొయ్యడు. అదీ చెప్పుల్లాంటి బాతులు. …ఆ, నవ్వావ్. నవ్వు.

…ఎలా ఉంటుందా? ఎలా చెప్పను. …ఉండు, ఆలోచించనీ. పాల వాసనే, కానీ ఉత్త పాలు కాదు. ఎండలో ఆరేసిన మెత్తటి బట్ట ఉంటుంది చూడు, మడత పెడుతున్నప్పుడు… అదీ కాదు. నిద్రపోయి లేచినవాళ్ల మెడ దగ్గర వెచ్చగా… ఛ. రాదు. ఏ గాలిలో ఏముందో పేర్లు పెట్టి చెప్పడానికే జీతమిస్తున్నారు నాకు. ఒక్క పసిపిల్ల తల గురించి చెప్పలేకపోతున్నాను.

కానీ ఒకటి మాత్రం చెప్పగలను. ఆ వాసన ఎల్లకాలం ఉండదట. అమ్మ అంటుంది, కొన్నాళ్లుంటుంది, తర్వాత చూద్దామన్నా దొరకదని. రేపు దాన్ని ఆ నీలం నేల మీద పడుకోబెడితే, ఆ కొన్నాళ్లూ కూడా ఉండదు. ఎల్లుండికి దాని తల గమ్ము వాసన కొడుతుంది. ఎత్తుకున్న ప్రతివాళ్లకీ తెలుస్తుంది. నీకొక్కడికే తెలీదు.

…

…కుర్చీ చప్పుడైందేం?

…ఎక్కడికి లేచావ్. …కట్టర్ దేనికి?

…మొత్తమా.

…తొందరపడకు. నేనేమంటానంటే, కిటికీలు తీసుంచి, కొన్ని నెలలు ఆ గది ఎవరూ వాడకుండా ఉన్నా మెల్లగా తగ్గుతుంది. వాళ్లిద్దరినీ ముందు గదిలో పడుకోబెడదాం, అక్కడ పాత బండలే కదా. షీటు ఉంచుకోవచ్చు. అంత కష్టపడి వేశావ్…

…తగ్గిందో లేదో నీకెలా తెలుస్తుందనా. …అదీ నిజమే. ప్రతిసారీ నన్ను అడగాలి. నేను లేనప్పుడు పొరపాటున ఆ తలుపు తీసి ఎవరైనా పాపని… ఊ. ఇంట్లో ఉండకూడదంటావ్. సరే. నీ నేల, నీ మాట.

అయితే చెప్పింది చెప్పినట్టు చెయ్యి. మా ఆఫీసులో బొగ్గు బిళ్ల ఉండే మాస్కులుంటాయి, ఒకటి తెస్తాను. …బొగ్గే, నవ్వకు. ఆ బొగ్గు వేరు, నీ బుట్టెడు బొగ్గులు వేరు. నేనొచ్చేదాకా నేల ముట్టుకోవద్దు. వచ్చాక గది తలుపు మూసి, కింద మళ్లీ గుడ్డ కుక్కు, ఈసారి ఇల్లు కాపాడ్డానికి. ఫ్యాను కిటికీలో పెట్టి గాలి బయటికి తోసెయ్యి. గీకిన గమ్ము, చుట్టిన షీటు ఇంట్లో ఉంచకు. ఆ గది కొన్నాళ్లు కిటికీలు తీసి వదిలెయ్యాలి. తర్వాత ఏం వెయ్యాలో ఇద్దరం కూర్చుని చూద్దాం. గమ్ము లేకుండా ఒకదాంట్లో ఒకటి బిగించే పలకలున్నాయి. ఏది ఎంత ఆవిరి వదులుతుందో నేను ఏరిపెడతాను. రంగు నువ్వు ఏరు.

అప్పటికప్పుడు గాలి కొలిచి చెప్పే మీటరు కూడా తెచ్చి ముందు గదిలో పెడతాను. అక్కడా తేడా చూపిస్తే కొన్నాళ్లు అక్కా పాపా మా ఇంట్లోనే. …నువ్వూ రావచ్చులే. సెంటు డబ్బా తేకపోతే.

…ఏంటి? …వాళ్లకా. నీ ముక్కు మాట మీద సామాను సర్దుకున్నవాళ్లందరికీ. …ఆ, చెప్పాలి బావా. కిటికీలు తీసుకోమని చెప్పాలి. …పోతుంది, పేరు పోతుంది. పోతే మళ్లీ తెచ్చుకుందాం. ఒక్కడివే వెళ్లకు, నేనూ వస్తాను. నువ్వు నేల చూడు, నేను గాలి చూస్తాను. ‘ముక్కు మేస్త్రి, గాలి మరదలు’ అని బోర్డు రాయిద్దాం. …ఆ, నా పేరు కిందే రాయించు, పెద్దవాడివి కదా.

…అక్కకి నువ్వే చెప్పు. ‘ఆహా’ సంగతి కూడా. …నవ్వదు. అది నాలాంటిది కాదు. వంట సంగతి మాత్రం ముందు చెప్పు, మిగతాది సుఖంగా వింటుంది.

…ఆ చప్పుడేంటి?

బావా, నేనొచ్చేదాకా ముట్టుకోవద్దని ఇప్పుడేగా చెప్పాను. …ఒక్క మూలేనా. ఏ మూల? …ఉయ్యాల మూల. …మూతికేమైనా కట్టుకున్నావా? …తువ్వాలుతో ఆగదది. మొహం కిటికీ వైపు పెట్టు. …అబ్బా, ఎంత గట్టిగా అంటించావయ్యా మహానుభావా. ఇక్కడికి వినపడుతోంది.

…బాతులా. …వాటిని విడిగా కోసి మేడ మీద పెట్టు. ఎండా గాలీ తగలనీ. పాప పాకేనాటికి వాటి వాసన పోతే పోవచ్చు. పోయిందో లేదో నేను చెప్తాలే. పోకపోతే చెప్పులుగా వాడుకుందువు.

…ఫోను కింద పెడతావా. పెట్టు, రెండు చేతులూ కావాలి. నేను బయల్దేరుతున్నాను.

…ఏంటి? దూరంగా ఉన్నావ్, అరిచి చెప్పు. …పాసా ఫెయిలా? చెప్పానుగా, గది ఫెయిలే.

…నువ్వా?

…నువ్వు పీకు బావా. ఎల్లుండి పొద్దున పాప నిద్ర లేచాక, తల వాసన చూసి చెప్తాను.